బిలియర్డ్ బాల్స్ మ్యాజిక్: ఒక బంతి నుంచి నాలుగు బంతుల దాకా

వేళ్ల సందున ఒక తెల్ల బంతి కనిపిస్తుంది. చెయ్యి అలా కదిపేసరికి రెండవుతుంది, తర్వాత మూడు, చివరికి నాలుగు. స్టేజి మ్యాజిక్‌లో బిలియర్డ్ బాల్స్ ఐటమ్ అంటే ఇదే. సెట్టులో వచ్చేవి మూడు బంతులు, ఒక షెల్. షెల్ అంటే బంతి మీద తొడుగులా కూర్చునే సగం డొప్ప. హాల్లోంచి చూస్తే అది కూడా నిండు బంతిలాగే ఉంటుంది. రహస్యం ఇంతే. సెట్టు కొన్న ఎవరికైనా మొదటిరోజే తెలిసిపోతుంది. కేవలం రహస్యం కోసం చదువుతున్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు.

కొన్నవాళ్లలో చాలామంది ముందు షెల్‌నే పట్టుకుంటారు. వారం తిరక్కుండా నాలుగు బంతులు చూపించేస్తారు కూడా. కానీ ముందు వరుసలో కూర్చున్న పిల్లాడు "ఆ ఎడం చేతిలో ఉంది" అని అరుస్తాడు. షెల్ ఆడేది కుడిచేతిలో, దొరికిపోయేది ఎడంచెయ్యి. ఏమీ చెయ్యనట్టు ఉండాల్సిన ఆ చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. అందుకని షెల్‌ని కనీసం ఒక నెల డబ్బాలోనే ఉంచండి. ముందు ఒక్క బంతి.

బంతులు

పేరు బిలియర్డ్ బంతే గానీ అసలు బిలియర్డ్స్ బంతి ఈ పనికి పనికిరాదు. దాని వ్యాసం 52.5 మి.మీ., బరువు కూడా ఎక్కువ. నాలుగు పట్టుకోవడం సంగతి అటుంచండి, రెండు పట్టుకునేసరికే ఉంగరపువేలు లాగేస్తుంది. మ్యాజిక్ సెట్లలో ఎక్కువగా కనిపించే సైజులు సుమారు 38, 44, 50 మి.మీ. మామూలు పెద్దవాళ్ల చేతికి 43 నుంచి 45 మధ్య బాగుంటుంది. పిల్లలకీ, చెయ్యి చిన్నదైనవాళ్లకీ 38 మంచిది. పెద్ద బంతి వెనక వరుసకి బాగా కనిపిస్తుందన్నది నిజమే, కానీ దాచేటప్పుడు చేతి అంచు దాటి కనిపించే బంతి వల్ల ఏం లాభం?

మీ చేతికి ఏది సరిపోతుందో డబ్బు పెట్టకముందే తేల్చుకోవచ్చు. టేబుల్ టెన్నిస్ బంతి 40 మి.మీ. అలాంటివి నాలుగు తీసుకుని ఒకే చేతి వేళ్ల సందుల్లో పెట్టండి: బొటనవేలు–చూపుడువేలు, చూపుడు–మధ్యవేలు, మధ్య–ఉంగరపువేలు, ఉంగరపు–చిటికెన. నాలుగూ కదలకుండా పది అంకెలు లెక్కపెట్టగలిగితే 44 కొనొచ్చు. చిటికెనవేలు దగ్గరి బంతి జారిపోతుంటే 38తో మొదలుపెట్టండి.

టీటీ బంతులు సైజు చూడ్డానికే. బరువు మూడు గ్రాములు కూడా ఉండదు, కాబట్టి వాటితో అరచేతి పట్టు నేర్చుకుంటే నిజం బంతి వచ్చిన రోజున అది జారి కింద పడుతుంది. ఒంటి బంతి సాధనకి గోల్ఫ్ బంతి చాలా మంచిది. వ్యాసం 43 మి.మీ.కి కాస్త తక్కువ, బరువు 46 గ్రాముల లోపు. ఒక్కటే చిక్కు, దాని మీది గుంటలు చర్మానికి అదనపు పట్టు ఇస్తాయి. అందుకని గోల్ఫ్ బంతితో కుదిరింది అనుకున్న వెంటనే నున్నటి బంతికి మారండి. ఎగిరే రబ్బరు బంతి జోలికి వెళ్లొద్దు. అది చేతికి అతుక్కుంటుంది, దానితో నేర్చుకున్న పట్టు మరే బంతి మీదా పనిచెయ్యదు.

విశాఖలో ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే పనివాళ్లు లేతు మీద గుండ్రటి వస్తువులు తీస్తూనే ఉంటారు. అంకుడు కర్ర మెత్తనిది, తేలికైనది, లక్క పూత నున్నగా కూర్చుంటుంది. చేయించాలనుకుంటే బొమ్మ గీసి ఇవ్వకండి, షెల్‌నే పట్టుకెళ్లండి. షెల్ లోపలి వ్యాసం కంటే బంతి ఒక మి.మీ. తక్కువ ఉండాలని చెప్పండి. పూత మందం కూడా కలిపి ఆ కొలత రావాలి. ఈ మాట మర్చిపోతే పూతకి ముందు చక్కగా కూర్చున్న బంతి పూత తర్వాత ఇరుక్కుంటుంది. బంతులన్నీ ఒకదానికొకటి అర మి.మీ. తేడాలో ఉండాలి. వెర్నియర్‌తో ఒక్కో బంతినీ మూడు వైపులా కొలవండి. కర్ర బంతి ఒకవైపు కోలగా వచ్చే అవకాశం ఎక్కువ. పోయినా, పగిలినా పనికొచ్చేలా మూడు బదులు ఐదు చేయించండి. షెల్ మాత్రం కర్రతో వద్దు, పలచగా తీస్తే చిట్లుతుంది. లోహంది గానీ ప్లాస్టిక్‌ది గానీ కొనుక్కోండి.

షెల్ కొనేటప్పుడు చూడాల్సింది దాని లోతు. బంతికి సరిగ్గా సగం గానీ, సగానికి వెంట్రుకవాసి తక్కువ గానీ ఉండాలి. సగం దాటితే బంతి టక్కున బిగుసుకుపోయి బయటికి రాదు. మరీ లోతు తక్కువైతే పక్క నుంచి చూసేవాళ్లకి బంతి చుట్టూ గీత కనబడుతుంది.

రంగు తెలుపు, పసుపు లేదా ఎరుపు. ఎరుపు అందంగా ఉంటుంది గానీ లైట్లతో చిక్కు. నీలం లేదా ఆకుపచ్చ లైటు పడితే ఎర్ర బంతి నల్లగా మారి నల్ల కోటు మీద మాయమైపోతుంది, మీరు మాయం చెయ్యకుండానే. కొత్తవాళ్లకి తెలుపే మేలు.

అరచేతిలో దాచడం

చెయ్యి చాపి చూడండి. బొటనవేలి కింద ఒక కండ, దానికి ఎదురుగా చిటికెనవేలి వైపు ఇంకో కండ. బంతి ఆ రెండింటి మధ్య కూర్చోవాలి, వేళ్ల మొదళ్లకి కాస్త కింద. బొటనవేలిని కొద్దిగా లోపలికి తెస్తే రెండు కండలూ బంతిని పట్టుకుంటాయి. మిగతా నాలుగు వేళ్లకీ ఈ పట్టుతో సంబంధం ఉండకూడదు.

చోటు ఎలా తెలుస్తుంది? బంతిని అరచేతిలో పెట్టి, పట్టు బిగించి, చెయ్యి నేల వైపు తిప్పండి. పడిపోతే చోటు అర సెంటీమీటరు మార్చి మళ్లీ చూడండి. ఒక్కో చేతికి ఒక్కో చోట కుదురుతుంది, ఫొటోలు చూసి నేర్చుకునేది కాదు. చోటు దొరికాక బిగింపు తగ్గిస్తూ రండి. సున్నుండని చిదమకుండా పట్టుకునేంత ఒత్తిడి చాలు. అంతకంటే బిగిస్తే బొటనవేలు కర్రలా పక్కకి పొడుచుకొస్తుంది, చేతి వెనక నరాలు తేలతాయి. చూసేవాళ్లకి బంతి కనిపించదు గానీ ఏదో దాచారని మాత్రం తెలిసిపోతుంది.

తర్వాత, బంతి చోటుకి చేరే దారి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్ల కొసల మీద బంతి ఉంటుంది. బొటనవేలు పక్కకి తప్పుకుంటుంది, మధ్యవేలు, ఉంగరపువేలు ముడుచుకుని బంతిని అరచేతిలోకి నొక్కుతాయి, వెంటనే తెరుచుకుంటాయి. రెండో చెయ్యి సాయం లేకుండా జరగాలి. మంచం పక్కన నిలబడి చెయ్యండి. అపార్టుమెంట్లో గచ్చు మీద పడ్డ బంతి చప్పుడుకి కింది ఇంటివాళ్లు తలుపు కొడతారు.

పట్టు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రోజువారీ పనులే పరీక్ష. బంతి అరచేతిలో ఉంచుకుని ఫోను తీసి మాట్లాడండి, నీళ్ల గ్లాసు పట్టుకోండి, చొక్కా గుండీ పెట్టుకోండి, పుస్తకం పేజీ తిప్పండి. ఇవన్నీ ఆలోచించకుండా చెయ్యగలిగినప్పుడు చెయ్యి వదులైందని అర్థం. రెండు చేతులకీ ఇది రావాలి. ఎడంచేతికి ఎక్కువ సమయం ఇవ్వండి, ఈ ఐటమ్‌లో దాచే పని ఎక్కువగా దానిదే.

దాచిన చెయ్యి ఎక్కడ ఉంచాలన్నది ఇంకో ప్రశ్న. తొడ పక్కన వేలాడేస్తే సగం మంది మోచెయ్యి బిగపట్టేస్తారు. కోటు అంచు పట్టుకోవడం, మంత్రదండం పట్టుకోవడం, రెండో చేతి చొక్కా మడత సర్దడం లాంటి చిన్న పనేదో చేతికి ఇవ్వండి. మంత్రదండం ఉన్నది అందుకే, అలంకారానికి కాదు.

రెండు చేతులూ ఖాళీ అని చూపించడం

బంతి కుడి అరచేతిలో ఉంది. రెండు చేతులూ ఖాళీ అని నోటితో చెప్పకుండా చూపించాలి. మ్యాజిక్ వాళ్లు చేంజోవర్ అనేది ఇదే.

మీ కుడి పక్క హాలు వైపు ఉండేలా ఎడమకి తిరగండి. ఎడంచెయ్యి ఎత్తి అరచెయ్యి జనానికి చూపించండి. కుడిచెయ్యి వెనకభాగం జనం వైపు ఉంటుంది, చూపుడువేలు ఎడం అరచేతిని చూపిస్తుంది. ఇప్పుడు కుడికి తిరగడం మొదలుపెట్టండి. ఛాతీ సరిగ్గా హాలుకి ఎదురొచ్చే క్షణంలో రెండు అరచేతులూ ఒకదాని మీదుగా ఒకటి దాటతాయి, బంతి వాటి మధ్య దొర్లి ఎడం అరచేతిలోకి చేరుతుంది. తిరగడం పూర్తయ్యేసరికి ఎడంచెయ్యి వెనకభాగం జనం వైపు, కుడి అరచెయ్యి తెరుచుకుని ఖాళీగా.

ఇక్కడ తప్పు ఎప్పుడూ ఒకటే: అరచేతులు కలిసిన చోట ఆగడం. బంతి చేరిందా లేదా అని చెయ్యి సందేహిస్తుంది, ఆ పావు సెకనులో నమస్కారం పెట్టినట్టు కనబడుతుంది. దీనికి మందు కాళ్ల దగ్గర ఉంది. ముందు పాదం తిరగాలి, తర్వాత నడుము, చేతులు వాటి వెంట రావాలి. చేతుల్ని ముందు కదిపి ఒంటిని తర్వాత తిప్పితే ఎంత సాధన చేసినా ఆ ఆగుడు పోదు. బంతి లేకుండా యాభైసార్లు తిరగండి, ఆ తర్వాత బంతితో. బంతి ఉన్నప్పటి వేగం, లేనప్పటి వేగం ఒకటే ఉండాలి.

వేళ్ల మధ్య నడక

బొటనవేలు–చూపుడువేళ్ల మధ్య బంతి. మధ్యవేలు ముడుచుకొచ్చి బంతిని కింది నుంచి అందుకుని చూపుడు–మధ్యవేళ్ల సందులోకి లేపుతుంది. తర్వాత ఉంగరపువేలు, ఆపైన చిటికెనవేలు. అలాగే వెనక్కి. చూడ్డానికి విన్యాసంలా ఉంటుంది గానీ షెల్‌లోంచి బంతి తీసే కదలిక ఇదే. ఇది సాఫీగా రాకపోతే షెల్ తీసినా ఉపయోగం లేదు.

ఫోన్లో మెట్రోనోమ్ యాప్, అంటే తాళం వేసినట్టు ఒకే వేగంతో టిక్ టిక్ మనేది, పెట్టుకోండి. నిమిషానికి 60 దెబ్బలు, ఒక్కో దెబ్బకి ఒక సందు మార్పు. అది వచ్చాక వేగం పెంచకండి, 40కి తగ్గించండి. నిదానంగా చేసినప్పుడే ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది, స్టేజి మీద కూడా నిదానమే అందం. ఉంగరపు–చిటికెన సందులో అందరికీ జారుతుంది. ఉంగరపువేలికి సొంతంగా కదిలే స్వేచ్ఛ తక్కువ, పక్క వేళ్లని లాక్కొస్తుంది. ఆ సందులో బంతి పెట్టుకుని మిగతా మూడు వేళ్లూ ఒక్కొక్కటిగా ఆడించడం మంచి వ్యాయామం.

వేళ్ల సందుల్లో చర్మం మొదటి వారం మండుతుంది, అది మామూలే. మణికట్టు దగ్గర గానీ, ముంజేతిలో గానీ లాగినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వండి. గంటసేపు ఒక్క బిగిన చేసేకంటే పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట మేలు.

మాయం చెయ్యడం

కుడిచేతి వేళ్ల కొసల మీదున్న బంతిని ఎడంచేతిలో పెట్టినట్టు పెట్టి, దారిలోనే కుడి అరచేతిలోకి నొక్కేయడం. పద్ధతి పైన చెప్పిందే. కొత్తగా నేర్చుకోవాల్సింది ఎడం పిడికిలి గురించి. బంతి పట్టేంత ఖాళీ ఆ పిడికిట్లో కనిపించాలి. ఖాళీ చేతిని మామూలుగా మూస్తే గట్టి పిడికిలి పడుతుంది, 44 మి.మీ. బంతి అందులో ఉండే వీలే లేదని చిన్నపిల్లలు కూడా పసిగడతారు. పదిసార్లు నిజంగానే బంతిని ఎడంచేతిలో పెట్టండి, పదకొండోసారి పెట్టకండి. రెండూ వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మీ కళ్లు ఎడంచేతి వెంట వెళ్లాయా? కుడిచెయ్యి చటుక్కున కిందికి పడిపోయిందా? అది అర సెకను ఆగి, పని అయిపోయిన చెయ్యిలా దిగాలి.

షెల్

నెల గడిచింది. ఇప్పుడు డబ్బా తెరవండి.

బంతి షెల్‌లో పెట్టి, కుడి బొటనవేలు–చూపుడువేళ్ల మధ్య పట్టుకోండి. షెల్ ఉబ్బెత్తు జనం వైపు, తెరిచిన వైపు మీ వైపు. చేతి వెనకభాగం హాలుకి కనిపిస్తుంది, వేళ్లు పైకి. పట్టు ఎక్కడ పడాలన్నదే ఇక్కడ ప్రాణం: వేలి కొస మెత్తలో సగం షెల్ అంచు మీద, సగం బంతి మీద ఆనాలి. మొత్తం షెల్ మీదే ఉంటే బంతి వెనక్కి దొర్లి అరచేతిలో పడుతుంది. మొత్తం బంతి మీదే ఉంటే బంతి బయటికొచ్చిన మరుక్షణం షెల్ జారుతుంది.

బంతిని బయటికి తీయడం:

1. మధ్యవేలు ముడుచుకుని, దాని బొటనవేలి వైపు పక్కతో బంతిని వెనక నుంచి తాకుతుంది.
2. బంతి షెల్‌లోంచి మీ వైపు కొద్దిగా వచ్చి, చూపుడువేలి మీదుగా దొర్లుతూ చూపుడు–మధ్యవేళ్ల సందులోకి లేస్తుంది.
3. ఆ క్షణంలోనే బొటనవేలు, చూపుడువేలు షెల్ అంచు మీద కాస్త బిగుస్తాయి. బంతి పోయిన చోట ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఈ బిగింపు లేకపోతే షెల్ తిరుగుతుంది.
4. చేతిని ఒక జానెడు పైకి గానీ పక్కకి గానీ కదపండి. పెద్ద కదలికలో చిన్న కదలిక కలిసిపోతుంది.

షెల్ తిరిగి డొప్ప అంచు కనిపించడం అందరికీ ఎదురయ్యే తప్పు. బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా లేకపోవడమే కారణం. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే షెల్ ఆ వాలుకి తిరుగుతుంది. అద్దంలో చూస్తూ షెల్ ఒక్కటే పట్టుకుని, మధ్యవేలు ఆడిస్తూ అది కదలకుండా ఉండేదాకా చెయ్యండి.

ఇప్పుడు అసలు పని, ఖాళీ షెల్‌లోకి ఇంకో బంతి ఎక్కించడం. ఎడం అరచేతిలో రెండో బంతి దాగి ఉంది. కుడిచేతిలో పైనున్న బంతిని తీసుకుంటున్నట్టు ఎడంచెయ్యి వస్తుంది. నిజంగానే తీసుకుంటుంది, అందుకే జనానికి అనుమానం రాదు. ఎడం బొటనవేలు, చూపుడువేలు పై బంతిని అందుకునే సమయానికి ఎడం అరచెయ్యి షెల్ వెనక్కి చేరుతుంది. అరచేతిలోని బంతి షెల్‌లో కూర్చుంటుంది. ఎడంచెయ్యి పై బంతితో బయటికి వచ్చి, ఈసారి నిజంగా ఖాళీ అయిన అరచేతిని చూపిస్తుంది. బంతిని తిరిగి కుడిచేతిలో మధ్య–ఉంగరపువేళ్ల సందులో పెట్టండి. షెల్‌లోని బంతిని మధ్యవేలితో లేపండి: మూడు బంతులు. ఎడంచేతికి ఇంకో బంతి అందాక ఇదే మళ్లీ: నాలుగు. అంటే మూడు బంతులు, ఒక షెల్.

టక్ మనే చప్పుడు ఇక్కడ శత్రువు. బంతిని షెల్‌లోకి నేరుగా నొక్కితే తప్పకుండా వస్తుంది. బంతి ముందు మీ కుడి చూపుడువేలి కండ మీద ఆనాలి, అక్కణ్నించి షెల్‌లోకి దొర్లాలి. దీనికి వీలుగా షెల్ పై అంచుని ముందుకి, అంటే జనం వైపు, కొద్దిగా వాల్చండి. అప్పుడు తెరిచిన వైపు కాస్త పైకి చూస్తుంది, బంతి తన బరువుతోనే లోపల కూర్చుంటుంది. మరీ వాల్చకండి, బాల్కనీలో కూర్చున్నవాళ్లకి డొప్ప లోపలి భాగం కనబడుతుంది. లోహపు షెల్ అయితే లోపల అడుగున చిన్న రూపాయి బిళ్లంత పలచటి వెల్వెట్ ముక్క అతికిస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. అతికించాక బంతి వదులుగా కూర్చుంటోందో లేదో మళ్లీ చూడండి.

ఒక్కొక్కటీ మాయం చెయ్యడం ఇదే క్రమం వెనక్కి. సందులోని బంతి షెల్‌లోకి దిగుతుంది, అంతకుముందు షెల్‌లో ఉన్నది ఎడం అరచేతిలోకి వెళ్లి అక్కణ్నించి జేబుకి. పెంచడం కంటే తగ్గించడం కష్టం. మొదటి ప్రదర్శనల్లో నాలుగు చూపించి, చప్పట్ల మధ్య అన్నీ ఒక గిన్నెలో వేసేస్తే చాలు. షెల్‌ని బంతితో కలిపే వెయ్యండి. ఖాళీ షెల్ గిన్నెలో పడితే ఆ చప్పుడే వేరు.

బంతులు దాచే చోటు

చెయ్యి ఏ బిగింపూ లేకుండా వేలాడేసి వేళ్లు ముడవండి. వేళ్ల కొసలు ఎక్కడ తగులుతాయో అక్కడే హోల్డర్, అంటే బట్టల లోపల బంతిని పట్టి ఉంచే క్లిప్పు గానీ సంచి గానీ, ఉండాలి. ఒక అంగుళం పైనున్నా మోచెయ్యి వంగుతుంది, భుజం లేస్తుంది, హాలంతా చూస్తుంది. కోటు ఉంటే దాని కింది అంచు లోపల సరిగ్గా కుదురుతుంది. విశాఖ ఎండల్లో కోటు వద్దనుకుంటే కుర్తా మీద నెహ్రూ జాకెట్ వేసుకోవచ్చు. దాని అంచు కోటు కంటే పైన ఉంటుంది కాబట్టి కుట్టించేటప్పుడే రెండంగుళాలు పొడవు పెట్టించండి.

స్ప్రింగు క్లిప్పులకి ఈ ఊళ్లో సముద్రపు గాలితో తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన క్లిప్పు అవసరమైన క్షణంలో బంతిని వదలదు. టైలరుతో గుడ్డ సంచి కుట్టించుకోవడం తేలిక. లోపల నున్నటి సాటిన్, కింద మూతికి ఎలాస్టిక్. 44 మి.మీ. బంతికి ఎలాస్టిక్ మూతి ఊరికే ఉన్నప్పుడు 30 మి.మీ. ఉంటే బంతి తనంతట పడదు, పై నుంచి వేళ్లతో నొక్కితే చేతిలోకి జారుతుంది. చెమటకి ఎలాస్టిక్ వదులవుతుంది. ప్రతి ప్రదర్శన ముందు బంతి పెట్టుకుని పదిసార్లు గెంతి చూడండి, పడితే ఎలాస్టిక్ మార్చేయండి.

చెమట, ఏసీ

విశాఖలో ఈ ఐటమ్ చేసేవాళ్లకి వేళ్ల కంటే గాలిలో తేమతో పోరాటం ఎక్కువ. చెమట పట్టిన చేతిలో లక్క బంతి, ప్లాస్టిక్ బంతి రెండూ జారతాయి. పౌడరు రాసుకుంటారు చాలామంది, అది ఇంకా జారుస్తుంది, పైగా నల్ల కోటు మీద తెల్ల మచ్చలు. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వేదిక ఎక్కే ముందు ఆల్కహాల్ శానిటైజర్ రెండు చుక్కలు రుద్దితే కాసేపు పొడిగా ఉంటుంది. బంతుల్ని కూడా పొడిగుడ్డతో తుడవండి, సగం జిడ్డు వాటి మీదే ఉంటుంది.

ఏసీ హాలు కథ వేరు. మేకప్ గదిలో చెమటలు కారుతుంటాయి, స్టేజి మీద పది నిమిషాల్లో అరచెయ్యి ఎండిపోయి బంతికి పట్టే దొరకదు. అప్పుడు నోటిదగ్గర చెయ్యి పెట్టి ఆవిరి వదిలితే చాలు. దగ్గినట్టు చేస్తే ఎవరూ పట్టించుకోరు. విశాఖలోని కళాభారతి, గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా, ఏ హాలైనా సరే, ముందుగా లోపలికి వెళ్లి మీరు నిలబడే చోట పది నిమిషాలు బంతితో గడపండి. చెయ్యి ఏ స్థితికి వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

కోణాలు, లైట్లు, ఫోన్లు

అద్దం ముందు మాత్రమే సాధన చేసేవాళ్లకి ఒక అలవాటు పడుతుంది. బంతి దాచే క్షణంలో కళ్లు ఆర్పేస్తారు, తమ తప్పు తమకే కనిపించకుండా. అద్దంతో మొదలుపెట్టి, ఫోను వీడియోకి మారండి. ఫోను ఎదురుగా ఒకసారి, ఎడమ నుంచి 45 డిగ్రీల్లో ఒకసారి, కుడి నుంచి ఒకసారి. షెల్ వెనక ఖాళీ ఏ కోణం నుంచి బయటపడుతుందో కొలిచి, అక్కడిదాకానే కుర్చీలు వెయ్యమని అడగండి. స్కూలు వార్షికోత్సవాల్లో, వినాయక చవితి పందిళ్లలో మూడువైపులా జనం ఉంటారు. అలాంటిచోట షెల్ తీయకండి. ఒక్క బంతితో నడక, మాయం, మోచేతి దగ్గర ప్రత్యక్షం, ఇంతే చెయ్యండి. ఈ మాట పట్టించుకోనివాళ్ల రహస్యమే మర్నాడు వాట్సాప్‌లో స్లో మోషన్‌లో తిరుగుతుంది.

లైటు వాళ్లని రంగులు వద్దని, తెల్ల లైటు ముందు నుంచి పడేలా పెట్టమని ముందే అడగండి. వెనక లైటు ఉంటే వేళ్ల సందుల్లోంచి దాచిన బంతి నీడలా తేలుతుంది.

మొత్తం ఐటమ్ మూడు నిమిషాలు దాటనివ్వకండి. ప్రతి కొత్త బంతి తర్వాత ఒక్క క్షణం కదలకుండా నిలబడండి, లెక్కపెట్టుకునే సమయం జనానికి కావాలి.

బంతి కింద పడుతుంది. బంతి పడెయ్యని మేజీషియన్ లేడు. పరుగెత్తి పట్టుకోవద్దు. దొర్లడం ఆగాక నడిచి వెళ్లి, హోల్డర్ ఉన్న వైపు జనానికి దూరంగా ఉండేలా వంగి ఒక చేత్తో తీయండి. ఆ వంగడంలో రెండో చేతికి హోల్డర్లోని బంతి ఎలాగూ అందుతుంది కాబట్టి, తర్వాతి బంతిని అప్పుడే దొంగిలించేయండి. ప్రోగ్రాం అయ్యాక బంతుల్ని తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచి, నూలు సంచిలో విడివిడిగా చుట్టి పెట్టండి. షెల్‌ని బంతి మీద తొడిగి ఉంచొద్దు, తేమకి కర్ర కాస్త ఉబ్బినా అందులోనే బిగుసుకుంటుంది. ఎండలో ఆపిన కారులో అసలే వదలొద్దు. ప్లాస్టిక్ షెల్ వేడికి వంకరపోతే మళ్లీ కొనడం తప్ప చేసేదేమీ ఉండదు.